వాలు మీద కోత

జులై 3, గురువారం

ఇరవై రెండు విల్లాలు. గడ్డి అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరు లేరు.

మంచిర్యాల బయట గుట్టను మెట్లు మెట్లుగా చెక్కి ఇళ్ళు కట్టుకున్నారు. కట్టుకోండి, ఎవరు వద్దన్నారు? ప్రతి ఇంటి ముందూ ఒక వాలు మిగిలింది. దాని మీద నాలుగు రాళ్ళు పేర్చి వట్టివేరు నాటితే మట్టి నిలిచేది. వీళ్ళు పచ్చిక పరిచారు. హైదరాబాదులో ఎవరింట్లోనో చూసి వచ్చారట. వాన గట్టిగా పడ్డప్పుడల్లా పై ఇంటి పచ్చిక కింది ఇంటి వాకిట్లోకి దిగి వస్తుంది. మళ్ళీ లారీలో తెప్పించి అతికిస్తారు. బట్టతలకు విగ్గు పెట్టుకున్నవాళ్ళు కూడా ఇన్ని తంటాలు పడరు.

పొద్దున కమిటీ ప్రెసిడెంటు కరుణాకర్ సారు లుంగీ మీదనే బయటికొచ్చి నాకు రెండు వేళ్ళు చూపించాడు. "గడ్డి గింత ఎత్తే ఉండాలె దెబోరా. కార్పెట్ లెక్క ఉండాలె," అన్నాడు.

"వానాకాలం గంత కురుచగ కోస్తే వాలు మీద వేర్లు తేలుతయి సార్. మట్టి జారుతది," అన్నాను.

"నేను వీడియోల చూసిన. ఏం గాదు."

సారు బొగ్గు గనుల్లో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు భూమి లోపల ఏముందో చూశాడు గానీ పైన ఏం మొలుస్తుందో తలెత్తి చూడలేదు. మా బాపు ఆ ఆఫీసర్ల క్లబ్బులోనే మాలీగా చేసేవాడు. చేత్తో నెట్టే మిషనుతో ఆయన కోసిన పచ్చిక మీద ఈ సారు ఎన్నిసార్లు కుర్చీ వేసుకుని కూర్చున్నాడో. గుర్తుండదు. వీళ్ళకు కుర్చీ గుర్తుంటుంది.

జులై 5, శనివారం

మొగిలికి నేర్పడం నా వల్ల కాదు. మూడేళ్ళయింది.

వాలుకు అడ్డంగా నడువు, పై నుంచి కిందికి కోయకు అంటే సరే అక్కా అంటాడు. మలుపు దగ్గర మిషన్ను నెట్టు, నీ మీదికి లాక్కోకు అంటే సరే అక్కా అంటాడు. ఐదు నిమిషాల తర్వాత లాక్కుంటాడు. నడక చూస్తే గేదె చెరువులోకి దిగుతున్నట్టు ఉంటుంది. పోయిన ఎండాకాలం కమిటీ వాళ్ళు ఇద్దరికీ బూట్లిచ్చారు. వాడివి ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. రబ్బరు చెప్పులతోనే వాలు ఎక్కుతాడు.

ఈ రోజు ఇంకో ఘనకార్యం. నేను పెట్టిన బ్లేడు ఎత్తు మార్చాడు. గడ్డి తడిగా ఉందని జర పైకి లేపాడట. దులిపేశాను.

"మిషన్ మీద నీ తెలివి జూపకు మొగిలీ. నేను వెట్టింది వెట్టినట్టే ఉండాలె. చెయ్యి వెట్టినవంటే ఊకోను."

"తప్పైంది అక్కా," అన్నాడు. నోట్లో నాలుక లేనివాడిని తిట్టడం కూడా దండగే.

(నిజానికి తడి గడ్డికి బ్లేడు లేపాల్సిందే. అది వాడికి ఎలా తెలిసిందో.)

కుడి మణికట్టు మళ్ళీ నొప్పి. హ్యాండిలు మీది లివరు అదిమి పట్టుకుంటేనే బ్లేడు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. మిషను తయారుచేసిన వాడు చదును నేల మీద అరగంట కోసే దొర అయ్యుంటాడు. ఈ గుట్ట మీద రోజుకు ఆరు గంటలు అదిమి పట్టుకుని చూడమనాలి. పాత చీర అంచు పీలికతో లివరును హ్యాండిలుకు బిగించి కట్టేశాను. ఇప్పుడు హాయిగా ఉంది. అందరూ కడతారు.

జులై 7, సోమవారం

ఎల్లుండి కరుణాకర్ సారు మనవరాలి పుట్టినరోజు. వాలు మీద పిల్లలు ఫోటోలు దిగుతారట. ఇరవై రెండు ఇళ్ళూ రేపటికల్లా నున్నగా ఉండాలట. వాన ఆగలేదు సార్ అంటే ఆకాశం వైపు ఎలా చూశాడంటే, వాన కూడా కమిటీ మాట వింటుందని నమ్ముతున్నట్టుంది.

జులై 8, మంగళవారం

మొగిలి కాలు మిషను కిందికి పోయింది. కుడి కాలు బొటనవేలు, దాని పక్క వేలు పోయాయి.

చెప్పులు. నూరుసార్లు చెప్పాను.

పొద్దుటి నుంచి కరుణాకర్ సారు ఇంటి ముందరి వాలు నేనే కోస్తున్నాను. సగం అయ్యాక పై వరుస నుంచి అంబదాస్ సేటు ఫోను చేసి, పచ్చికలో పుట్టగొడుగులు లేచాయి, వచ్చి చూడమని ఒకటే గోల. ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం చేసిన మనిషి పుట్టగొడుగులకు భయపడటం ఏమిటో. నడుస్తున్న మిషన్ను అలాగే మొగిలి చేతికిచ్చి పైకి వెళ్ళాను. పుట్టగొడుగును కాలితో తన్ని చూపిస్తున్నాను, కింది నుంచి కేక వినిపించింది.

దిగి వచ్చేసరికి మొగిలి వాలు అడుగున పడి ఉన్నాడు. మిషను వాడి కాళ్ళ మీదే ఇంకా తిరుగుతోంది. ఇంజను ప్లగ్గు మీది టోపీ పీకేశాను. అప్పుడు ఆగింది. వాడి భార్య పోచవ్వ రోడ్డు ఊడుస్తున్న చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. ఎవరో కారు తీశారు. ఎవరి కారో చూడలేదు.

మలుపు దగ్గర మీదికి లాక్కుని ఉంటాడు. మళ్ళీ చెప్పులు. తడి గడ్డి మీద రబ్బరు చెప్పులు.

జులై 9, బుధవారం

సగం కోసిన వాలు ఫోటోల్లో బాగుండదన్నారు. మిగతా సగం కోశాను. అంతకు ముందు నీళ్ళు కొట్టి కడగాల్సి వచ్చింది. సాయంత్రం బెలూన్లు కట్టారు.

జులై 10, గురువారం

పీలిక పారేశాను. పాతది, మాసిపోయింది.

కరుణాకర్ సారు క్లబ్ హౌసుకు పిలిపించి రిజిస్టరు తెరిచాడు. గనిలో ప్రమాదం జరిగితే ఎలా రాసేవాడో అలాగే రాస్తున్నాడు, తేదీ, వేళ, సాక్షి. మనిషికి పాత రోజులు తిరిగొచ్చినట్టుంది.

"తాగి ఉండెనా?"

"లేదు సార్. మొగిలి తాగడు."

"మరి?"

"చెప్పులు సార్. బూట్లు ఏస్కోలే."

రాసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, "చూడు దెబోరా. మన తప్పైతే మొగిలిని మనమే చూస్కోవాలె. ఆయనకు గేటు పని ఇచ్చి, గా రూములనే ఉండనియ్యాలె. ఆయన తప్పే అయితే మనకేం సంబంధం లేదు. నెలాఖరుకు రూము ఖాళీ చేయిస్తం. ఏజెన్సీ వాళ్ళు కొత్త మనిషిని పంపుతరు," అన్నాడు.

గేటు పక్క గది. మొగిలి, పోచవ్వ అందులోకి వచ్చి మూడేళ్ళు. వాళ్ళకు వేరే ఇల్లు లేదు. ఊళ్ళో ఉన్నది ఓపెన్ కాస్టు గని కింద ఏనాడో పోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. బూట్లు వేసుకోలేదు. అది నిజమే కదా.

జులై 12, శనివారం

ఆస్పత్రికి వెళ్ళాను. బత్తాయిలు తీసుకెళ్ళాను.

మొగిలి మంచం మీద లేచి కూర్చోబోయాడు. పడుకోమన్నాను. "ధ్యాస తప్పిందక్కా," అన్నాడు. "కోత ఎవరు జూస్తున్నరు? ఒక్కదానివే గంత గుట్ట ఎట్ల తిరుగుతవు?"

వేళ్ళు పోయిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? వాడికి ఏమీ తెలియదు. మిషను చేతిలో ఉన్నంతసేపూ దాన్ని చూసి ఉండడు. మూడేళ్ళు తోలినా అది ఎలా నడుస్తుందో ఎలా ఆగుతుందో ఆలోచించే బుర్ర కాదు. ఒక విధంగా మంచిదే.

పోచవ్వ మంచం అవతలే నిలబడింది. బత్తాయిల సంచి తీసుకుని కింద పెట్టింది. ఆమెకు నేనంటే మొదటి నుంచి పడదు. ఒక ఆడది తన మగనికి పని చెప్పడం ఆమెకు కిట్టదు.

జులై 14, సోమవారం

అందరూ కడతారు.

స్టేషను రోడ్డులో పార్కు కోసేవాళ్ళు వైరుతో కడతారు. కలెక్టరేటు ముందర కోసేవాడు సైకిలు ట్యూబు ముక్కతో కడతాడు. కట్టని వాడిని ఒక్కడిని చూపించండి, నేను ఈ పని మానేస్తాను. కట్టాను. అయితే ఏమిటి? మూడు రోజులు కట్టుకునే కోశాను, నా కాలుకు ఏమీ కాలేదు. ఎందుకంటే నేను బూట్లు వేసుకుంటాను, అడ్డంగా నడుస్తాను, మిషన్ను మీదికి లాక్కోను. తప్పు పీలికదైతే మొదట నా కాలు పోవాలి.

వాడికి ఇచ్చేటప్పుడు విప్పాల్సింది. సేటు ఫోను చేయకపోతే విప్పేదాన్నే. ఆ పుట్టగొడుగుల మనిషి నోరు ఒక్క నిమిషం ఊరుకుంటే అంతా సరిగ్గా జరిగేది.

జులై 16, బుధవారం

పనిముట్ల గదిలో మొగిలి బూట్ల పెట్టె ఉంది. కరుణాకర్ సారు సాక్ష్యం కోసం కావాలన్నాడు, బూట్లు ఇచ్చినట్టు ఫోటో తీసుకుంటాడట. పెట్టె తీస్తుంటే పోచవ్వ చెత్త డబ్బా కోసం వచ్చింది.

"గవి జర కాలుకు పెట్టి చూడక్కా," అంది.

"నాకెందుకు?"

"ఊకెనే. చూడు."

పెట్టె మీద పదో నంబరు అని ఉంది. మొగిలికి ఏడో నంబరు పడుతుంది. ఇద్దరి బూట్లూ తీసుకుని సంతకం పెట్టింది నేనే. నావి చూసుకున్నాను, బాగానే పట్టాయి. వాడివి తెరిచి చూడలేదు.

"ఒక్క దినం ఏసుకొని గుట్ట ఎక్కిండు. బూటు ఒక పక్కకు, కాలు ఒక పక్కకు వోయింది. చెప్పులే నయమని విడిచిండు," అంది పోచవ్వ.

"మరి నాకు చెప్పొద్దా?"

"నీకు చెప్పుడా?" అంది. చెత్త డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

పొగరు. ఆ పొగరుకు తక్కువేం లేదు. ఫోటోలో నంబరు కనిపించకుండా పెట్టె తిప్పి పెట్టమన్నాడు సారు. తిప్పి పెట్టాను.

జులై 18, శుక్రవారం

వాన. పని లేదు. మణికట్టుకు నూనె రాశాను. పీలిక లేకుండా లివరు పట్టుకుని కోస్తున్నాను, పట్టు సడలినప్పుడల్లా బ్లేడు ఆగిపోతోంది. మూడు సెకన్లు. లెక్కపెట్టాను. చాలాసార్లు లెక్కపెట్టాను.

జులై 20, ఆదివారం

మెథడిస్టు చర్చి నుంచి నేరుగా గుట్టకు వెళ్ళాను. ఈ రోజు పాటలు పాడినవాళ్ళలో సగం మంది నోరు మాత్రమే కదిలించారు. అది వేరే సంగతి.

క్లబ్ హౌసులో కమిటీ. మొగిలి చంకలో కర్రతో వచ్చాడు. వానాకాలం కదా, కట్టు తడవకుండా కాలికి ప్లాస్టిక్ సంచి కట్టింది పోచవ్వ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మొగిలీ, గా దినం ఏమైందో చెప్పు. భయపడకు," అన్నాడు కరుణాకర్ సారు.

"నాదే తప్పు సార్. చెప్పులేసుకొని దిగిన. జారిన."

"మిషన్ మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె సార్."

అప్పుడు అంబదాస్ సేటు, ఆ పుట్టగొడుగుల మనిషి, చెయ్యెత్తాడు. "అరె బాబా, నాకొకటి సమజ్ అయితలేదు. నువ్వు పడ్డప్పుడు చెయ్యి ఇడుస్తవు గదా. చెయ్యి ఇడిస్తే మిషన్ ఆగాలె గదా?"

నేను తలుపు వైపు చూశాను. మొగిలి మాత్రం తడుముకోలేదు.

"ఇడువలేదు సార్. భయానికి ఇంకింత గట్టిగ పట్టుకున్న."

అందరూ తలూపారు. రాసుకున్నారు. మొగిలి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. వాడికి సంతకం వచ్చని నాకు తెలియదు. జులై 31కి గది ఖాళీ చేయాలని తీర్మానం. ఆ ప్రశ్న వస్తుందని వాడు ముందే ఆలోచించాడు. జవాబు తయారు చేసుకుని వచ్చాడు.

బయట గేటు దగ్గర పట్టుకుని అడిగాను.

"గట్లెందుకు చెప్పినవ్ మొగిలీ?"

"మరేం చెప్పాలక్కా? లివరు సంగతి చెప్తే నిన్ను తీసేస్తరు. నిన్ను తీసేస్తే ఇద్దరం పోతం. నువ్వుంటే మల్ల నన్ను పిలిపిస్తవు గదా. నిలవడి కోసుడు రాకున్న గాని, కూసొని బ్లేడ్లు సానవెడ్త."

"నీకు ఎర్కనా?"

"పీలిక నాకు గప్పుడే కనవడ్డదక్కా. నువ్వు మిషన్ చేతికిచ్చినప్పుడే. ఇప్పుదామనుకున్న." కర్ర ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "నువ్వు వెట్టింది వెట్టినట్టే ఉండాలంటివి గదా. మల్ల తిడ్తవని ముట్టుకోలే."

జులై 21, సోమవారం

ఏమీ రాయాలని లేదు.

జులై 22, మంగళవారం

ఆరు ఇళ్ళు కోశాను. డాక్టరు నవత మేడమ్ వాకిట్లో తుంగ మొలిచింది.

జులై 23, బుధవారం

కరుణాకర్ సారుకు చెప్పాను. వరండాలో చెప్పాను, నిలబడి. పీలిక కట్టింది నేనే, విప్పకుండా ఇచ్చింది నేనే, ఎవరూ చూడకముందు కోసి తీసేసింది కూడా నేనే. బూట్లు పదో నంబరువని కూడా చెప్పాను.

సారు పేపరు మడిచాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"ఇప్పుడు గీ ముచ్చట ఎందుకు తీస్తున్నవ్? ఆయన ఒప్పుకున్నడు, సంతకం చేసిండు, అయిపోయింది. నువ్వు నోరు తెరిస్తే నీకు పరేషాన్, మాకు పరేషాన్. కొత్త మనిషి కూడ మాట్లాడి పెట్టినం. నీ లెక్క కోసే మనిషి జిల్లాల లేరు దెబోరా. పోయి పని చూసుకో."

జిల్లాలో లేరు. ఆ మాటకు లోపల ఎక్కడో సంతోషమేసింది. మెట్లు దిగుతూ ఆ సంతోషాన్ని పట్టుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి నోటి నుంచి ఇంత చిన్న మాట కోసం నేను ఇన్నేళ్ళూ ఎదురుచూశానా? గడ్డికీ గరికకీ తేడా తెలియని మనిషి.

జులై 24, గురువారం

సారు ఒక్కడే కమిటీ కాదు. ఇరవై రెండు ఇళ్ళున్నాయి. ప్రతి ఇంటి వాకిట్లోకీ వారానికొకసారి వెళ్ళేది నేనే.

ఈ రోజు ఏడు ఇళ్ళు. కోత అయ్యాక మిషను ఆపి, తలుపు కొట్టి చెప్పాను.

నవత మేడమ్ ఫోనులో ఉంది. ఒక చెవితో విని, "అయ్యో పాపం. జర మా బోగన్‌విలియా కింద సరిగ కోసినవా?" అంది. పళ్ళ డాక్టరు. నోరు తెరిచిన వాళ్ళ మాట వినడం ఆమెకు అలవాటు లేదు.

హార్డ్‌వేర్ దుకాణం దశరథం గారు అంతా విని, ముఖం చిట్లించి, "మరి మా ఇంటి కాడ కూడ గట్లనే కట్టి కోసినవా? మా టైల్స్ మీదికి వస్తే ఎట్ల?" అన్నాడు. మనిషి వేళ్ళు కాదు, టైల్స్.

మిగతా ఐదుగురూ సారుతో మాట్లాడతామన్నారు. మాట్లాడరు. వీళ్ళ ముఖాలు నాకు తెలుసు.

కానీ నేను వీళ్ళ కంటే ఏం గొప్పగా చేశాను? వీళ్ళకు తెలియక మాట్లాడలేదు. నేను తెలిసి పదిహేను రోజులు బ్లేడు సానబెట్టుకుంటూ కూర్చున్నాను.

జులై 25, శుక్రవారం

ఇంకో తొమ్మిది ఇళ్ళు. నోరు ఎండిపోయింది. ప్రతి ఇంట్లో అదే కథ మొదటి నుంచీ చెప్పాలి. మొదటి ఇళ్ళలో "పీలిక ఉండిపోయింది" అని చెప్పాను. సాయంత్రానికి "నేను విప్పలేదు" అని చెప్పడం వచ్చింది.

జులై 26, శనివారం

చివరికి పై వరుస. అంబదాస్ సేటు ఇల్లు ఆఖరు పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. తెలుసు. ఆయన ఫోను చేయబట్టే ఇదంతా జరిగిందని ఈ డైరీలో రాశాను కదా.

సేటు టీవీ ఆపేశాడు. కూర్చోమన్నాడు. బూట్లకు మట్టి ఉందంటే, "ఉండనీ, కడుగుతం," అన్నాడు. పూర్తిగా విన్నాడు.

"దెబోరా బాయీ, రేపు ఐతారం. అందరిని పిలుస్త. అందరి ముందర చెప్తవా?"

"చెప్త సేటూ."

"నీ పని పోతది."

"ఎర్కే."

"మొగిలికి చెప్పినవా?"

చెప్పలేదు. చెబితే వద్దంటాడు. వద్దంటే నేను ఆగిపోతానేమోనని భయం. ఆ మాట సేటుకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

జులై 27, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

పదిహేడు ఇళ్ళ వాళ్ళు వచ్చారు. చెప్పాను. కరుణాకర్ సారు రిజిస్టరు మూసి కూర్చున్నాడు, తెరవలేదు. సేటు తెరిపించాడు. మొగిలి వెనక నుంచి "అబద్ధం సార్, అక్క ఊకెనే చెప్తుంది," అని అరిచాడు. కూర్చోమన్నాను. మూడేళ్ళలో మొదటిసారి వాడు నా మాటకు సరే అక్కా అనలేదు. నిలబడే ఉన్నాడు.

గంటన్నర మాట్లాడుకున్నారు. ఒకాయన లాన్ తీసేసి సిమెంటు పోయిద్దామన్నాడు. ఒకామె ఏడ్చింది, ఎందుకో ఆమెకే తెలియదు. చివరికి చేతులెత్తారు. మొగిలికి గేటు పని. గది వాళ్ళదే. ఆస్పత్రి సంగతి కమిటీ చూసుకుంటుంది. నా పని 31 వరకే. కరుణాకర్ సారు నా వైపు చూడకుండా పనిముట్ల గది తాళాలు పోచవ్వకు అప్పజెప్పమన్నాడు.

జులై 28, సోమవారం

31 వరకు ఆగాలనిపించలేదు. పొద్దున్నే మిషను కడిగి, బ్లేడు తీసి ఆరబెట్టి, పనిముట్ల గది తాళం వేసి గేటు దగ్గరికి వెళ్ళాను.

మొగిలి గేటు బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, కాలు ఇటుక మీద పెట్టుకుని. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. కోపం. వాడికి కోపం వస్తుందని కూడా నాకు తెలియదు. లోపలికి వెళ్ళాను.

గది ఇంతే. ఒక మంచం, గ్యాసు పొయ్యి, గోడకు అద్దం. గోడ పొడుగునా మూటలు. గిన్నెలు ఒక మూట, బట్టలు ఒక మూట, బియ్యం డబ్బాకు తాడు. పోచవ్వ కింద కూర్చుని గిన్నెల మూట విప్పుతోంది.

తాళాలు ఇచ్చాను. తీసుకుని కొంగుకు కట్టుకుంది.

"ఇంకా కట్టే ఉన్నయేంది పోచవ్వా? రూము మీదే అన్నరు గదా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"నిన్నటి దాక మాది గాదు గదా. ఇయ్యాల గూడ అలవాటుకు కట్టిన," అంది. తల ఎత్తలేదు. "ఆస్పత్రి నుంచి వచ్చిన కాడికెళ్ళి రోజూ పొద్దుగాల కడుతున్న. ఆయన లేవకముందే కడ్త. నువ్వు గుట్ట ఎక్కుతవు. ఇయ్యాల చెప్తవేమో అని రోడ్డు ఊడ్చుకుంట నీ మొకం జూస్త. నువ్వు చెప్పవు. మాపటికి వండుకోవాలె గదా, మల్ల గిన్నెలు ఇప్పుత. తెల్లారి మల్ల కడ్త."

"నీకు మొదటి నుంచి ఎర్కనా?"

"ఆయన మొదటి దినమే చెప్పిండు. నేను చెప్పవోతే ఆపిండు, నువ్వే చెప్తవన్నడు. అక్క మంచిది, జర టైం వడ్తది, చెప్తదన్నడు. పందొమ్మిది దినాలు." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "గంత టైం వట్టిందా అక్కా, ఒక్క మాటకు?"

ఈ గుట్ట మీద ప్రతి మనిషికీ నా దగ్గర ఒక జవాబు ఉండేది. సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

పక్కనే బట్టల మూట ఉంది. ముడి బిగుసుకుపోయి ఉంది. వంగి, విప్పుదామని చెయ్యి పెట్టాను.

"ముట్టకు," అంది పోచవ్వ. "నేను కట్టిన. నేనే ఇప్పుకుంట."

చెయ్యి తీసేశాను. వెళ్ళమని ఆమె అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆమె అన్ని మూటలూ విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే గూట్లో సర్దుకునే వరకు అక్కడే గుమ్మం పక్కన నిలబడ్డాను.